ల్యాబ్ క్రాస్ అంటున్న రెండేళ్ల కుక్కను, చిన్నపిల్ల ఉన్న ఫ్లాట్‌లోకి తెచ్చుకోవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మియాపూర్‌లో మూడో అంతస్తులో రెండు పడకగదుల ఫ్లాటు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, వారంలో మూడు రోజులు మీకు ఇంటి నుంచే పని. ఆరేళ్ల పాప, ఇంట్లోనే ఉండే అత్తయ్యగారు. షెల్టర్‌లో రెండేళ్ల ఆడకుక్క ఒకటి మీ మనసుకి పట్టింది. కాలికి గాయంతో రోడ్డు పక్కన దొరికిందట, ‘ల్యాబ్ క్రాస్’ అని, అంటే లాబ్రడార్ జాతి కలిసిన కుక్కని, రాసి పెట్టారట. ముందు సంగతులేవీ తెలియని కుక్కను పసిపిల్ల ఉన్న ఇంటికి తేవడం మంచిదేనా, దానికంటే డబ్బు పెట్టి మంచి జాతి పిల్లను కొనుక్కోవడం మేలా అని మీ అనుమానం.

తెచ్చుకోండి. కాకపోతే ఈ ఆదివారమే వద్దు. ఇంకో రెండుసార్లు వెళ్లి చూశాక తెచ్చుకోండి. అది కూడా మొదట ఒక నెల ‘ఫాస్టర్’గా, అంటే తాత్కాలికంగా మా దగ్గర ఉంచుకుంటామని షెల్టర్ వాళ్లతో ముందే మాట్లాడుకోండి. కుక్క బాగు కోరేవాళ్లు దీనికి కాదనరు.

ఇదంతా ఏ అనుభవంతో చెబుతున్నానో కూడా రాయాలి. సికింద్రాబాద్‌లో మా పాత ఇంట్లో 2009 నుంచి గాయపడ్డ కుక్కల్నీ, ఎవరో వదిలేసి పోయిన కుక్కల్నీ తెచ్చి, కోలుకునేదాకా ఉంచుకుని, తగిన ఇంటికి పంపుతున్నాం. ఇప్పటికి డెబ్బై పైనే వచ్చి వెళ్లాయి. నేను డాక్టర్‌ని కాను. మందుల గురించి ఇక్కడ రాసిందేదైనా మీ వెటర్నరీ డాక్టర్‌ని అడిగాకే పాటించండి.

ముందు ఆ ‘ల్యాబ్ క్రాస్’ అన్న మాటను పక్కన పెట్టేయండి. చెవులు వాలి, ఒళ్లు లేత గోధుమరంగులో ఉంటే మన దగ్గర ప్రతి కుక్కా ల్యాబ్ క్రాసే. కాస్త బొచ్చుంటే పామెరేనియన్ క్రాస్, వీపు నల్లగా ఉంటే జర్మన్ షెపర్డ్ క్రాస్. షెల్టర్ వాళ్లు అబద్ధమాడుతున్నారని నేననను. చూపుకి అలా తోస్తుంది, ఆ పేరుంటే అడిగేవాళ్లూ ఎక్కువగా వస్తారు. అమెరికాలో షెల్టర్ కుక్కలకు డీఎన్ఏ పరీక్షలు చేసి పోల్చి చూస్తే, కంటితో చూసి చెప్పిన జాతులు చాలాసార్లు తప్పాయి. 2022లో ‘సైన్స్’ పత్రికలో ఇంకో పెద్ద అధ్యయనం వచ్చింది. 18 వేలకు పైగా కుక్కల గురించి పెంచుకునేవాళ్లను ప్రశ్నలడిగారు, రెండు వేలకు పైగా కుక్కల జన్యువులు చదివారు. కుక్కకూ కుక్కకూ మధ్య నడతలో కనిపించే తేడాల్లో జాతితో ముడిపడింది 9 శాతం దగ్గరే అని తేలింది. ‘ఈ జాతి పిల్లలతో బాగుంటుంది’ అని నమ్మి ఇంటికి తెచ్చుకోవడానికి ఆ తొమ్మిది శాతం ఏ మూలకీ చాలదు.

కొన్న పిల్లకు ముందు సంగతులు ఉండవనుకోవడం కూడా పొరపాటే. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నియమాల్లో స్పష్టంగా ఉంది. అయినా నెల కూడా నిండని పిల్లల్ని తల్లి నుంచి విడదీసి, నలభై ఐదు రోజులవని చెప్పి చేతిలో పెట్టేవాళ్లను నేను చూశాను. తల్లి దగ్గర, తోటి పిల్లల దగ్గర ఆడుతూ కరుచుకుంటూ నేర్చుకోవలసిన వయసు అది. ఎంత గట్టిగా కరిస్తే నొప్పి పుడుతుందో అక్కడే తెలుస్తుంది. అది నేర్వని పిల్ల మీ పాప చేతుల మీద నేర్చుకుంటుంది. మీరు చూసిన కుక్కకు రెండేళ్లు. ఎంత ఎదగాలో ఎదిగిపోయింది, దాని తీరు కూడా చాలావరకు స్థిరపడింది. జాగ్రత్తగా చూస్తే ఆ తీరు కనబడుతుంది కూడా.

ఎలా చూడాలంటే, ఒకసారి మీరిద్దరే వెళ్లండి, రెండోసారి పాపతో. వేర్వేరు వేళల్లో వెళ్లండి, ఒకసారైనా అన్నం పెట్టకముందు. సమాచారం కోసం ఫొటోలు పెట్టేవాళ్ల దగ్గర ఆగిపోకండి. పొద్దున్నే గిన్నెలు కడిగి అన్నం పెట్టే మనిషి ఒకరుంటారు. ఆ మనిషిని అడగండి. గిన్నె తీయబోతే ఏం చేస్తుంది? స్నానం చేయిస్తే? మగవాళ్లను చూస్తే ఒకలా, ఆడవాళ్లను చూస్తే ఇంకోలా ఉంటుందా? చీపురు చేతిలో పట్టుకుంటే? ఎప్పుడైనా ఎవరినైనా పట్టుకుందా? ‘చాలా మంచిది మేడమ్’ అన్న జవాబు వినేసి వచ్చేయకండి. ఒక్కో ప్రశ్నా విడిగా అడిగితే విడిగా జవాబులు వస్తాయి.

నేను ప్రతి కుక్క దగ్గరా చేసే పని ఒకటుంది. కుక్కకు పది అడుగుల దూరంలో నిలబడి, చెయ్యి జారినట్టుగా స్టీలు గ్లాసు కింద పడేస్తాను. ఖంగుమంటుంది. ప్రతి కుక్కా ఉలిక్కిపడుతుంది, అది తప్పు కాదు. చూడవలసింది ఆ తర్వాత. కొన్ని రెండడుగులు వెనక్కి వేసి, అర నిమిషంలో మెడ సాచి వచ్చి ఆ గ్లాసును వాసన చూస్తాయి. అలాంటి కుక్క పిల్లలున్న ఇంట్లో ఇమడగలదు. ఎందుకంటే మీ ఇంట్లో రోజుకు ఇరవైసార్లు గ్లాసులు పడతాయి, కుక్కర్ విజిల్ వేస్తుంది, పాప అరుస్తూ పరుగెత్తుతుంది. కొన్ని మాత్రం మూలకు పోయి, తోక కాళ్ల మధ్యకు ముడుచుకుని, పావుగంటైనా కదలవు. అవి చెడ్డవి కావు. వాటికి పిల్లల్లేని, సందడిలేని ఇల్లు వెతకాలి. మీది ఆ ఇల్లు కాదు. మీ కుక్క ఇలా చేస్తే, ఎంత నచ్చినా వద్దనే చెబుతాను.

మొదటి రెండు మూడు వారాల్లో మీకు కనిపించేది చాలావరకు దాని భయమే, దాని స్వభావం ఇంకా బయటికి రాదు. నేను చెప్పేవాటిలో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. మా దగ్గర ‘రాగి’ అని ఒకటుండేది. వచ్చిన రోజు నేరుగా మంచం కిందకు దూరింది. తొమ్మిది రోజులు అక్కడే. మేం పడుకున్నాక బయటికొచ్చి పెరుగన్నం తిని, వరండాలో ఒంటికి పోసి, మళ్లీ మంచం కిందకే. చుట్టాలొచ్చి పిలిచినా, చికెన్ ముక్క చూపించినా రాలేదు. మేం దాన్ని లాగలేదు. పదో రోజు సాయంత్రం నేల మీద కూర్చుని తోటకూర బాగుచేస్తున్నాను. చాట అవతలి అంచు కొద్దిగా వంగింది. చూస్తే రాగి గడ్డం. చాట అంచు మీద గడ్డం ఆనించి, కళ్లు మాత్రం పక్కకు తిప్పుకుని నిలబడింది. నేను తలెత్తలేదు, చెయ్యి చాపలేదు. కాడలు తుంచుతూనే ఉన్నాను. ఆ సాయంత్రం నేను చేయగలిగిన మంచి పని అదొక్కటే. నెల తిరిగేసరికి అదే రాగి గేటు చప్పుడైతే అందరికంటే ముందు పరుగెత్తేది.

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి, అది నా తప్పు. ఒక కుక్క మా దగ్గర వారం రోజులు మూలన పడుకుని, నోరెత్తకుండా ఉంది. ‘ఏ అల్లరీ చేయదు, చాలా నెమ్మది’ అని చెప్పి, ఇద్దరూ ఆఫీసుకెళ్లే ఒక జంటకు ఇచ్చేశాను. మూడో వారంలో దానికి ధైర్యం వచ్చింది. రోజుకు పది గంటలు ఒంటరిగా ఉండలేక తలుపు చెక్క కొరికేసింది, ఏడుస్తూ అంతస్తంతా లేపేసింది. తిరిగి మా ఇంటికే తెచ్చిచ్చారు. వాళ్లను నేను తప్పుపట్టలేదు. భయంతో నోరు కట్టేసుకున్న కుక్కను చూసి నెమ్మదైనదని చెప్పింది నేను. ఆ కుక్క రెండోసారి ఇల్లు పోగొట్టుకుంది. అప్పట్నుంచి మూడు వారాలు మా ఇంట్లో గడవకుండా ఏ కుక్క గురించీ మాటివ్వను. మిమ్మల్ని నెల రోజుల ఫాస్టర్ అడగమన్నదీ అందుకే. ‘మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు’ అని ఈ పనిలో ఉన్నవాళ్లు ఒక లెక్క చెబుతారు. మూడు రోజులకు బెదురు కాస్త తగ్గుతుంది, మూడు వారాలకు ఇంటి పద్ధతి తెలుస్తుంది, మూడు నెలలకు ఇది నా ఇల్లే అనుకుంటుంది. కొన్నిటికి ఇంకా ఎక్కువే పడుతుంది.

కాబట్టి మొదటి వారం మీరు ఇంట్లో ఉండేలా సెలవు పెట్టండి. బంధువుల్ని పిలిచి చూపించకండి. స్నానం చేయించాలన్న తొందర వద్దు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. హాల్లో ఒక మూల గోనెసంచి మీద పాత దుప్పటి వేసి, అది దాని చోటని ఇంట్లో అందరికీ చెప్పండి. ఒంటరిగా ఉండటం మొదటి రోజు నుంచే కొద్దికొద్దిగా అలవాటు చేయండి. రెండు నిమిషాలు బయటికెళ్లి రండి, తర్వాత పది, తర్వాత అరగంట. అత్తయ్యగారు ఇంట్లో ఉండటం మీకు పెద్ద బలం.

అత్తయ్యగారి మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. పూజగదిలోకి, వంటింట్లోకి కుక్క రాకూడదని ఆవిడ అంటున్నారని రాశారు. అందులో ఇబ్బందేమీ లేదు. కుక్కలకు గుమ్మం త్వరగా అర్థమవుతుంది. దాటబోయినప్పుడల్లా ఎదురుగా నిలబడి వెనక్కి నడిపించి, ఇవతల కూర్చున్నప్పుడు చిన్న ముక్క పెట్టండి. ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి. ఒకరు వద్దని, ఇంకొకరు రమ్మంటే దానికి ఎప్పటికీ రాదు. ఇష్టం లేకుండా ఒప్పుకున్నవాళ్లను తొందరపెట్టకండి. నా అనుభవంలో, పొద్దున గిన్నెలో అన్నం పెట్టే పని ఆవిడకే అప్పగిస్తే మీకంటే ముందు ఆవిడకే దగ్గరవుతుంది.

పాప విషయం. కుక్క మంచిదా కాదా అన్నదానికంటే, పక్కన పెద్దవాళ్లున్నారా అన్నదే ఎక్కువ ముఖ్యం. ఆరేళ్ల పిల్లనూ కుక్కనూ ఒక గదిలో ఒంటరిగా వదలకండి. మొదటి ఆరు నెలలు ఒక్క నిమిషం కూడా. తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు ముట్టుకోకూడదని పాపకు నేర్పండి. మెడ చుట్టూ చేతులు వేసి కావలించుకోవడం మనకు ముద్దు, చాలా కుక్కలకు అది ఊపిరాడనట్టు ఉంటుంది. పాపను నేల మీద కూర్చోబెట్టి, కుక్కనే దగ్గరకు రానివ్వండి. వచ్చాక తల మీద కాకుండా ఛాతీ దగ్గర, మెడ పక్కన నిమరమనండి.

కుక్క గుర్రుమంటే కొట్టకండి, కేకలేయకండి. ‘నాకు ఇబ్బందిగా ఉంది, దూరం జరుగు’ అని అది చెప్పగలిగిన పద్ధతి అది. కొట్టి గుర్రుమనడం మానిపిస్తే, ఈసారి చెప్పకుండానే కరుస్తుంది. గుర్రుమన్నప్పుడు పాపను నెమ్మదిగా అవతలికి తీసుకెళ్లి, ఎందుకు అలా అందో ఆలోచించండి. అంతకుముందే చిన్న గుర్తులు కనిపిస్తాయి. నిద్ర రాకుండానే ఆవలిస్తుంది, పెదాలు నాకుతుంది, తల పక్కకు తిప్పి కంటి తెల్లగుడ్డు కనబడేలా చూస్తుంది. వాటిని పోల్చుకోవడం మీకూ అత్తయ్యగారికీ వస్తే సగం భయం పోతుంది.

పన్ను గానీ గోరు గానీ పడి చర్మం గీరుకుంటే, టీకాలు వేయించిన మన కుక్కే కదా అని ఊరుకోకండి. ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం ఏవీ పెట్టకండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లి డాక్టర్ చెప్పినట్టు చేయండి. రేబిస్ టీకా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లోనూ వేస్తారు. కుక్కకు వేయించే రేబిస్ టీకా ఏటా తప్పకూడదు. జులై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల గురించి జరిపే రోజు) సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా వేస్తారు. ఆ రోజు గుర్తుపెట్టుకోండి.

ఆరోగ్యం దగ్గర కాస్త ఎక్కువ రాస్తాను, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఇంటికి తెచ్చే దారిలోనే డాక్టర్‌కి చూపించండి. రక్తపరీక్ష అడిగి చేయించండి. మన వేడికి గోమార్లు (మీ వైపు పిడుదులంటారేమో) ఏడాది పొడవునా ఉంటాయి. వీధిలో తిరిగిన కుక్కల్లో వాటివల్ల వచ్చే జ్వరం చాలా ఎక్కువ. రాగి మా దగ్గరికొచ్చిన రెండో నెలలో ఒక పొద్దున వరండాలో తెల్ల టైల్స్ మీద మూడు రక్తపు చుక్కలు కనిపించాయి. దెబ్బేమో అని కాళ్లన్నీ వెతికాను. ముక్కులోంచి పడుతున్నాయి. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు సుద్దముక్కలా పాలిపోయి ఉన్నాయి. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. మాత్రలు నాలుగు వారాలు వాడమన్నారు. ఐదో రోజుకే లేచి తిరుగుతుంది, మొరుగుతుంది. అప్పుడు మానేస్తే జబ్బు మళ్లీ తిరగబెడుతుంది. పూర్తిగా వాడాలి. మీరు కూడా కుక్క బాగున్న రోజుల్లోనే దాని చిగుళ్ల రంగు చూసి పెట్టుకోండి, తేడా వస్తే అప్పుడు తెలుస్తుంది. చెవి మడతల్లో, కాలివేళ్ల సందుల్లో గోమార్ల కోసం రోజూ వెతకండి.

ఆడకుక్క కాబట్టి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అయిందో లేదో కాగితం అడగండి. మునిసిపాలిటీ చేసినదైతే చెవి కొన కత్తిరించి ఉంటుంది. పొట్ట మీద కుట్ల మచ్చ కూడా చూడండి. ఆపరేషన్ కాని ఆడకుక్కకు వెనక భాగం నుంచి రోజుల తరబడి రక్తం చుక్కలు పడుతుంటే ఎదకొచ్చిందనుకుని వదిలేస్తారు. వీధి కుక్కల్లో ఒకదాని నుంచి ఒకదానికి అంటుకునే ఒక రకం గడ్డ ఉంటుంది, అది కూడా అలాగే కనిపిస్తుంది. భయపడక్కర్లేదు, వారానికొక ఇంజెక్షన్ చొప్పున కొన్ని వారాలు ఇస్తే చాలావరకు పూర్తిగా తగ్గుతుంది. నట్టల మందు మూడు నెలలకోసారి. పార్వో, డిస్టెంపర్ అనే అంటుజబ్బులు రెండిటికీ కలిపి వేసే టీకా కాగితం లేకపోతే వేయనట్టే లెక్క, మళ్లీ మొదలుపెట్టించండి. ఖర్చు భారమనిపిస్తే నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉన్నాయి. వరసలో నిలబడే ఓపిక ఉంటే వైద్యం బాగుంటుంది. క్రాస్ కుక్కలకు జబ్బులు రావనే మాట మాత్రం నమ్మకండి. ఒళ్లంతా ఒకే జాతి అయినవాటికి వచ్చే కొన్ని వంశపారంపర్య ఇబ్బందులు తక్కువ కావచ్చు. పార్వోకి, గోమార్ల జ్వరానికి ఆ తేడాలేవీ లేవు.

తిండి మామూలే. అన్నం, ఉడికించిన చికెన్, గుడ్డు, గుమ్మడికాయ, క్యారెట్. పెరుగన్నం ఒక్కటే పెట్టి పెంచకూడదు, మాంసకృత్తులు చాలవు. మన కూరలు కలపొద్దు, ఉల్లి, వెల్లుల్లి వాటి రక్తాన్ని దెబ్బతీస్తాయి. ఉడికించిన కోడి ఎముకలు సూదుల్లా విరుగుతాయి, పెట్టకండి. జ్వరమని మన పారాసెటమాల్ అసలు వేయకండి.

పారిపోవడం. దీన్ని ఎవరూ ముందు చెప్పరు. కొత్త కుక్క తప్పిపోయేది ఎక్కువగా మొదటి కొద్ది రోజుల్లోనే. మా దగ్గర్నుంచి వెళ్లిన ఒక కుక్క రెండో రోజే లిఫ్టు తలుపు చప్పుడుకు బెదిరి, వెనక్కి గుంజుకుంటే మెడపట్టీ తల మీదుగా ఊడి చేతిలోకొచ్చింది. మెట్ల మీదుగా ఒకటే పరుగు. మూడు రోజులు వెతికాం. చివరికి ఇడ్లీబండి దగ్గర ఒకాయన చూసి ఫోన్ చేశాడు, నాలా పక్కన పైపులో పడుకుని ఉంది. అందుకే ఛాతీకి తొడిగే హార్నెస్ ఒకటి, మెడపట్టీ ఒకటి, రెండిటికీ రెండు తాళ్లు. నెల రోజులు ఇలాగే. పట్టీ మీద మీ ఫోన్ నంబరు రాయించండి. మూడో అంతస్తు అన్నారు కాబట్టి బాల్కనీ కమ్మీల మధ్య సందు ముందే కొలిచి వల కట్టించండి. దీపావళికి వారం ముందు నుంచే సాయంత్రం నడకను టపాకాయలు మొదలవకముందే ముగించండి.

అసోసియేషన్ వాళ్లు ఒప్పుకోరేమో అన్నారు. కుక్కల్ని పెంచుకోకూడదని, లిఫ్టు ఎక్కించకూడదని నిషేధం పెట్టే అధికారం అసోసియేషన్లకు లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, కానీ దాంతో మొదలుపెట్టకండి. ముందు పక్క ఫ్లాట్ల తలుపు తట్టి, ఫలానా కుక్కను తెస్తున్నాం, టీకాలు వేయించాం, మొదట్లో కాస్త మొరగొచ్చు అని చెప్పి రండి. దొడ్డికి కూర్చున్నచోట తీసే కవరు ఎప్పుడూ చేతిలో ఉండాలి. అద్దె ఇల్లయితే యజమానితో ముందే మాట్లాడుకోండి. మీ మునిసిపల్ కార్పొరేషన్ దగ్గర కుక్క పేరు నమోదు చేయించడం మర్చిపోకండి.

ఖర్చు కూడా అడిగారు. మాది ఇరవై కిలోల కుక్కకు ఇంటి తిండితో నెలకు మూడు వేల దాకా అవుతోంది. దానికి తోడు మొదటి ఏడాది వైద్యానికని ఒక పదిహేను, ఇరవై వేలు పక్కన పెట్టి ఉంచుకోండి. ఖర్చుకంటే గట్టిగా ఆలోచించవలసింది వేరే ఉంది. వచ్చే ఏడాదిలో విదేశం వెళ్లే ఆలోచనో, రెండో బిడ్డ ఆలోచనో ఉంటే ఇప్పుడు వద్దు. వాటివల్లే వెనక్కొచ్చిన కుక్కలు నా లెక్కలోనే ఐదున్నాయి. మళ్లీ వీధిలో వదిలేయడం 1960 నాటి చట్టం కింద నేరం. చట్టం సంగతి అటుంచి, ఇంట్లో బతకడం మరిగిన కుక్క వీధిలో ఎన్నో రోజులు నిలవదు.

వచ్చే శనివారం పొద్దున, అన్నం పెట్టే వేళకు ముందు, ఒక స్టీలు గ్లాసు సంచిలో వేసుకుని వెళ్లండి. పాపను ఈసారికి ఇంట్లోనే ఉంచండి. గ్లాసు పడ్డాక అది ఎంతసేపటికి దగ్గరకొచ్చిందో, కాలి గాయం దగ్గర చెయ్యి పెట్టనిచ్చిందో లేదో చూసి ఇక్కడే రాయండి. రక్తపరీక్ష కాగితం వస్తే అందులో అంకెలు కూడా పెట్టండి, డాక్టర్‌ని ఏమేం అడగాలో చెబుతాను.